పుట్టి షికారు

శుక్రవారం పొద్దెక్కేసరికి కురుమయ్య, ఏసోబు మూడో తూము దగ్గర ఉన్నారు. తూముకున్న ఇనుప తలుపును గొలుసుతో లేపి కొక్కేనికి తగిలిస్తేనే మళ్లకు నీళ్లు పారతాయి. ఆ గొలుసునూ కొక్కేన్నీ కాలువ కాపలా చూసే లష్కర్ కిష్టయ్య ఊడదీసుకుని పోయి అప్పటికి మూడు దినాలు. కురుమయ్య తలుపు కింద గడ్డపార దూర్చి, రెండో కొస మీద ఛాతీ ఆనించి ఒంటి బరువంతా వేశాడు. తలుపు జానెడు లేచింది. ఏసోబు పిల్లకాలువలో బోర్లా పడుకుని, ఆ సందులోకి ఒక రాయిని నెడుతున్నాడు. రాయి కూచుంటే తలుపు మళ్లీ దిగదు. నీళ్లు అతని మోచేతుల మీదుగా మొహానికి చిమ్ముతున్నాయి.

"జర్రంత లేపు. సొత్తలేదు రాయి."

"ఇంకేడికెల్లి లేపాలె? పానం వోతాంది నాకు."

"పానం వోతె నీ మడి గూడ నాకే రాసియ్యి" అన్నాడు ఏసోబు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే పార జారుతుందని కురుమయ్య పెదవి కరుచుకున్నాడు.

జీపు చప్పుడు అప్పుడే వినబడింది. కట్ట మీద అంత జోరుగా జీపు నడిపేవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, చిన్నదొర. వెనక సీట్లోంచి ఇద్దరు కట్టెలు పట్టుకుని దూకారు. చిన్నదొర నిదానంగా దిగాడు. తెల్లబట్టల మీద దుమ్ము పడిందేమోనని చూసుకున్నాడు.

"ఏం పనిరా ఇది?"

"దొరా, తూము బందయి మూడు దినాలాయె" అన్నాడు కురుమయ్య, పార మీది నుంచి లేవకుండానే. "వరి పాలు వోసుకునే యాళ్ల. చెలక భూమి, నీళ్లు నిలువయి. అప్పుడే నెర్రెలు వాస్తాంది."

"ఆదివారం దనుక కాలువ నిండుగుండాలెనని చెప్పిచ్చిన గద. పట్నం కెల్లి నా దోస్తులొస్తున్నరు. మోకాలు లోతు నీళ్లల్ల షికారు జెయ్యమంటవా వాళ్లను?"

అందుకే అయిదు తూములూ మూయించాడు. కాలువ కొసన నీళ్లను ఆపే అడ్డపలకలు కూడా దింపించాడు. మామూలు రోజుల్లో తొడలోతు పారే కాలువ ఇప్పుడు నిలువున్నర లోతు నిండి, కదలకుండా చెరువులా నిలబడింది. కట్ట కింద రెండు వందల ఎకరాల వరి ఎండకు ముడుచుకుపోతున్నది. కృష్ణ మీద ఆనకట్ట కడితే మునిగిపోయిన ఊళ్లోంచి తెచ్చి ఇక్కడ దింపిన జనానికి అది మొట్టమొదటి వరి పంట.

ఏసోబు చేతులు వెనక్కి తీసుకోబోయాడు.

"తియ్యకు" అన్నాడు చిన్నదొర. "అట్లనే ఉంచు."

కట్టె పట్టుకున్నవాళ్లలో ఒకడు పిల్లకాలువలోకి దిగి ఏసోబు మెడ మీద కాలు పెట్టాడు.

"కురుమిగా, పార ఇడువు."

"దొరా, చేతులున్నయి."

"కనవడ్తున్నయి నాకు. ఇడువు."

కురుమయ్య విడవలేదు. చెమట కళ్లలోకి దిగుతోంది. పార కింద నుంచి ఏసోబు మొహం కనిపిస్తోంది. చెంప బురదలో ఉంది, ఒక కన్ను పైకి చూస్తోంది. రెండోవాడు కట్టె ఎత్తడం కురుమయ్య ఓరకంట చూశాడు. దెబ్బ మోచేతి మీద పడింది, పార ఎగిరి పోయింది, తలుపు దిగింది. చూసినవాళ్లకు కనిపించిన వరస అదే. కురుమయ్య చేతులకు తెలిసిన వరస వేరు. దెబ్బ పడకముందే అవి పారను వదిలేశాయి.

పచ్చి కందికట్టె విరిచినట్టు చప్పుడయింది. ఏసోబు ఎడమ చెయ్యి బయటపడింది. కుడిచేతి నాలుగు వేళ్లూ తలుపు కిందే ఉండిపోయాయి. అతని అరుపు ఒక క్షణం ఆగి వచ్చింది, ముందు గాలి, తర్వాత గొంతు. కట్టెలవాళ్లే మళ్లీ పార వేసి తలుపు లేపి చెయ్యి బయటికి లాగారు. వేళ్లు వేళ్ల రూపంలో లేవు.

చిన్నదొర సిగరెట్టు ముట్టించుకున్నాడు.

"నీ పుట్టి ఉన్నదారా ఇంక, పొయ్యిల వెట్టినవా?"

కురుమయ్యకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. "ఉన్నది దొరా."

"ఆదివారం పొద్దుగాల తెడ్డు వట్టుకొని రా. నలుగురముంటం. పొద్దుగూకెయాళ్లకు నీ మడికి నీళ్లిడిపిస్త. నీది పైమడే గద. నీ మడి పారంగనే మల్ల బంద్."

"నాకొక్కనికేనా దొరా?"

"నీకొక్కనికే. ఇంకో మాటడిగితె అదీ లేదు."

పక్కన ఏసోబు మోకాళ్ల మీద కూచుని చేతిని కడుపులో దాచుకుని ఊగుతున్నాడు, ఈ మాటలేవీ అతని చెవికెక్కడం లేదు. కురుమయ్య అతని వైపు చూడకుండా తల ఊపాడు.

*

పుట్టి, నది దాటించే గుండ్రటి తోలుపడవ, కురుమయ్య గుడిసె వెనక బోర్లించి ఉంది. రెండేళ్లు ఎండకు పడి బర్రెతోలు రేకులా బిగుసుకుపోయింది. వెదురు బద్దలు గట్టిగానే ఉన్నాయి. కురుమయ్య శనివారం తెల్లవారుతూనే దాన్ని కాలువకు దొర్లించుకుపోయి నీళ్లలో నానేశాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేవరకు నానబెట్టి, తెచ్చి, లోపలా బయటా ఆముదం రాస్తూ కూచున్నాడు. అరచేత్తో గట్టిగా రుద్దితే తప్ప తోలు నూనె తాగదు. రెండు కుట్లు తెగి ఉన్నాయి. అవి తన వల్ల కావు. తోలు పని ఏసోబుది. ఈ తోలు తీసిందీ అతనే, పాత ఊళ్లో కృష్ణ ఒడ్డున కూచుని కుట్టిందీ అతనే.

పిలవకుండానే ఏసోబు వచ్చాడు. కుడిచేతికి పాత చీర పేలిక చుట్టి ఉంది. పసుపూ నెత్తురూ కలిసి ఆ గుడ్డ ఎండి అట్ట కట్టింది. భార్య సోమమ్మ తోలు కుట్టే ఆరె, దారంలా కోసిన తోలు వారు, ఒక పాత గిన్నెలో ఇంత కొవ్వు తెచ్చి అతని ముందు పెట్టింది. సోమమ్మ కురుమయ్యను పలకరించలేదు. ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని కట్ట మీదికి వెళ్లిపోయింది.

"నువ్వెందుకొచ్చినవే?" అన్నాడు కురుమయ్య.

"నా కుట్టు ఊడి నలుగురు మునుగుతె నా పేరు ఖరాబైతది. వారు అందియ్యి."

ఎడమచేత్తో ఆరె గుచ్చి, రంధ్రంలోంచి వారు దూర్చి, కొసను పళ్లతో పట్టి గుంజాడు. ఒక్కో కుట్టుకు ఒకసారి ఆగి గాలి పీల్చుకున్నాడు. కురుమయ్య తోలును దగ్గరకు పట్టి ఉంచాడు. 

"దవాఖానకు వోవాలె నువ్వు. నల్లగొండకు."

"పోత. నీళ్లొచ్చినంక పోత." కుట్టు బిగించి ఆ ముడి మీద ఉమ్మేసి వేలితో రాశాడు. "దొరకొడుకు ముడ్డి కింద నా బర్రెతోలు. బతికున్నప్పుడు మస్తు తన్నేది గా బర్రె. సచ్చినంక గిట్ల కొలువు జెయ్యవట్టె."

కురుమయ్య నవ్వలేకపోయాడు.

"ఏమంటున్నడు దొర? షికారయినంక తూము ఇడుస్తడా?"

"ఇడుస్తడు."

"దెబ్బకు జారింది పార. నీ తప్పేమున్నది? మొకం గట్ల వెట్టకు."

 కురుమయ్య ఆముదం గిన్నెలో వేళ్లు ముంచి, అప్పటికే నిగనిగలాడుతున్న జాగాలోనే మళ్లీ రుద్దసాగాడు.

ఏసోబు వెళ్లాక కురుమయ్య భార్య పుల్లమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. ఆమెది మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడు బావుల నీళ్లు తాగి పెరిగిన మనిషి. పళ్లు ఇటుకపొడి రంగులో ఉంటాయి. నలభై నిండకుండానే మోకాళ్లు బిగుసుకుపోయి, ఎక్కడ కూచున్నా కాళ్లు బారజాపుకోవాల్సిందే. కాలువలోకి మొదటిసారి నీళ్లు వచ్చిన రోజు దోసిట్లోకి తీసుకుని తాగి, "బెల్లం కలిపిండ్రా ఏంది?" అని అడిగింది. ఇప్పుడూ కాళ్లు బారజాపి గోడకు ఆనుకుని కూచుని మొగుణ్ని చూసింది.

"అందరికి ఇడుస్తడా?"

"ముందుగాల మనది పారనీ."

"అందరికి ఇడుస్తడా అని అడుగుతున్న."

"పైమడి మనది. మన మడి పారేదాకనన్నడు." కురుమయ్య గొంతు లేచింది. "ఏం జెయ్యమంటవు? వద్దంటె మనదీ వోతది. అందరిది వోతె ఎవ్వలికి లాభం? కడుపుల ఏం వెట్టుకుందమే ఏడాదంత?"

 పుల్లమ్మ గిన్నెలో మిగిలిన ఆముదాన్ని వేలితో తుడిచి మోకాలికి రాసుకుంది.

"ఏసోబుకు జెప్పినవా గీ మాట?"

కురుమయ్య తెడ్డు తీసుకుని, పెచ్చులేచిన చోట గాజుపెంకుతో గీకడం మొదలుపెట్టాడు.

*

ఆదివారం గాలి లేదు. నిండు కాలువ అద్దంలా ఉంది.

చిన్నదొర దోస్తులు ముగ్గురు వచ్చారు. ఒకాయన లావుపాటి మనిషి, జీపు దిగుతూనే చెమటలు తుడుచుకున్నాడు. ఒకాయన మెడలో కెమెరా వేలాడుతోంది, కళ్లకు నల్లద్దాలు. మూడో ఆయన మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, తుపాకిని భుజాన వేసుకుని వచ్చాడు. అన్నం గిన్నెలు, కోడికూర, బ్రాందీ సీసాలు, పాటలు పాడే చిన్న రేడియో జీతగాళ్లు మోసుకొచ్చి పుట్టిలో పెట్టారు.

కృష్ణలో పుట్టి ఎక్కేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా చెప్పులు ఒడ్డునే విడవాలి. తెడ్డు పట్టినవాడు చూపిన చోట గొంతుకూచోవాలి. ఒడ్డు చేరేదాకా వాడి మాటే మాట. పటేలైనా, అమీనైనా, పెళ్లికొడుకైనా అంతే. దిగాక కొట్టినా తిట్టినా దిక్కులేదు గాని, పుట్టిలో ఉన్నంతసేపు తెడ్డువాణ్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. చిన్నదొర తండ్రి కూడా ఒకప్పుడు జోళ్లు చేత పట్టుకుని కురుమయ్య తండ్రి ముందు గొంతుకూచున్నవాడే.

"బూట్లు ఇప్పుండ్రి సారూ" అన్నాడు కురుమయ్య.

బూట్లాయన చిన్నదొర వైపు చూశాడు. "ఏమంటున్నడు యార్ వీడు?"

"తోలు గద దొరా. బూట్ల కింద మొలలుంటయి."

"నీ తోలు వలిపిస్త" అన్నాడు చిన్నదొర నవ్వుతూ. "ఎక్కు భాయ్, ఎక్కు."

బూట్లతోనే ఎక్కాడు. కురుమయ్య ఆ పాదాల కింద గోనెసంచి మడతపెట్టి వేశాడు.

పుట్టి కదిలింది. కురుమయ్య ముందు నిలబడి తెడ్డును ఎడమకూ కుడికీ వేస్తూ నీళ్లను తనవైపు లాక్కుంటున్నాడు. తుంగ మీద తూనీగలు ఆడుతున్నాయి. ఒక లకుముకి పిట్ట నీళ్లను కోసుకుంటూ పోయింది. నల్లద్దాలాయన ఫొటోలు తీశాడు. ఏదో బయస్కోపులో చూశానని, దూరదేశంలో ఒక పట్నం ఉందని, అక్కడ వీధుల్లో రోడ్లకు బదులు కాలువలేనని, దోస్తులంతా పడవలో పండుకుని పాటలు పాడుకుంటూ ఇళ్ల మధ్య నుంచి పోతారని చెప్పాడు.

"మనకు ఇండ్లు లేకపోతె ఏమాయె?" అన్నాడు చిన్నదొర. "కాలువ ఉన్నది. దోస్తులున్నరు. పియ్యి."

కట్ట ఎత్తు మీద నుంచి, వాళ్ల కుడిచేతి వైపు మళ్లు కనిపిస్తున్నాయి. ఎవరూ అటు చూడలేదు. కురుమయ్య ఒక్కడే చూశాడు. రెండో తూము కింద వరి పచ్చదనం పోయి బూడిద రంగుకు తిరిగింది. ఆకులు సూదుల్లా చుట్టుకున్నాయి. కట్ట దిగువన అక్కడక్కడా మనుషులు తలపాగాలు తీసి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూచుని ఉన్నారు. పుట్టి పోతుంటే వాళ్ల తలలు పుట్టితో పాటు తిరిగాయి.

మధ్యాహ్నానికి రెండు సీసాలు ఖాళీ అయ్యాయి. పుట్టిని గిరగిరా తిప్పమన్నారు. తిప్పాడు. ఇంకా జోరుగా అన్నారు. తిప్పాడు. లావుపాటాయన అంచు మీదికి వంగి తిన్నదంతా కక్కుకున్నాడు. మిగతావాళ్లు విరగబడి నవ్వారు. నవ్వుతూనే బూట్లాయన లేచి, "మా దోస్తును సంపుతవారా?" అని కురుమయ్య మెడ మీద అరచేత్తో కొట్టాడు. కొట్టిన చప్పుడు బాగుందని ఇంకోసారి కొట్టాడు.

నలభై ఏళ్లలో పుట్టిలో దెబ్బ తినడం కురుమయ్యకు అదే మొదలు. మడి గుర్తొచ్చింది. తెడ్డు వేశాడు.

బూట్లాయన నీటికాకిని కొట్టాడు. కొంగను కొట్టాడు. తూటా రవ్వలు తగిలిన కొంగ ఒక రెక్కతో నీళ్లను కొడుతూ చాలాసేపు తిరిగింది. దాన్ని పుట్టిలోకి తీయలేదు. తర్వాత కాలువ మీద పిట్టలు వాలడం మానేశాయి.

మూడో తూముకు అవతల ఎడమ ఒడ్డున ఒక ఆడమనిషి నీళ్లు ముంచుకుని, కుండ నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కుతోంది.

"దెబ్బకు కుండ కొడ్త, సూస్తవా?" అన్నాడు బూట్లాయన.

"నీతోని కాదు పో" అన్నాడు నల్లద్దాలాయన. "పుట్టి ఊగుతుంది."

"ఏం పందెం?"

"ఆఖరు సీసా."

కురుమయ్యకు ఆ మాటలు వినిపించాయి. తాగిన మాటలనుకున్నాడు. తుపాకి మోగేవరకూ అట్లాగే అనుకున్నాడు. కుండ నెత్తి మీదే విచ్చిపోయింది. ఆమె చతికిలబడింది. మొహం మీది నీళ్లు తుడుచుకున్నట్టు తుడుచుకుని, చేతిని చూసుకుంది. చెయ్యి ఎర్రగా ఉంది. అప్పుడు ఇటు తిరిగింది. సోమమ్మ. ఒక కన్ను తెరుచుకునే ఉంది, రెండో కన్ను ఉండాల్సిన చోట నెత్తురు కారుతోంది.

"కుండకే తగిలింది!" అని అరిచాడు బూట్లాయన. "సూసినవా, కుండకే!"

"రవ్వలు తగిలుంటయి తియ్" అన్నాడు చిన్నదొర. అతని గొంతు మాత్రం కొంచెం పలచబడింది. "కురుమిగా, ఆగకు. ముందటికి పోనియ్యి."

కురుమయ్య తెడ్డు ఒక్కసారి వేశాడు. ముందుకు వేయలేదు. ఒడ్డు వైపూ వేయలేదు. పుట్టి ఒడ్డుకు దూరంగా, కాలువ నడిమధ్యకు, అన్నిటికన్నా లోతున్న చోటికి జరిగింది. అక్కడ తెడ్డును నీళ్లలోంచి తీసి నిలబెట్టి పట్టుకున్నాడు.

"బూట్లు ఇప్పు" అన్నాడు.

"ఏందిరా?"

"బూట్లిప్పి కూసో. పుట్టిల నిలవడొద్దు."

బూట్లాయన తుపాకి తిప్పి గొట్టాన్ని అతని ఛాతీకి ఆనించాడు. కురుమయ్య మడమను అంచు బద్ద మీద పెట్టి ఒత్తాడు. అంతే. పుట్టి ఒక పక్కకు ఒరిగింది. తుపాకి ఆకాశంలోకి పేలింది. బూట్లాయన, తుపాకి, అన్నం గిన్నె, రేడియో ఒకేసారి నీళ్లలో పడ్డాయి. కురుమయ్య మడమ తీశాడు. పుట్టి సర్దుకుంది. మిగిలిన ముగ్గురూ పుట్టి అడుగున ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

బూట్లాయన ఒకసారి మునిగి లేచాడు. రెండోసారి మునిగితే బూట్లలో నీళ్లు నిండి లేవడం ఆలస్యమయింది. కురుమయ్య వంగి జుట్టు పట్టి పైకి లాగి, అతని చేతులు రెండూ పుట్టి అంచుకు తగిలించాడు.

"గట్ల వట్టుకో. ఎక్కవోతె అందరు మునుగుతరు."

"లంజొడకా!" చిన్నదొర లేవబోయాడు. పుట్టి ఊగింది. లావుపాటాయన రెండు చేతులతో అతని నడుము పట్టుకుని, "కూసో భాయ్, నీకు దండం వెడ్త, కూసో!" అని ఏడ్చాడు.

కురుమయ్య కట్ట వైపు చెయ్యి చూపించాడు. తుపాకి మోతకు లష్కర్ కిష్టయ్య మూడో తూము దగ్గరికి పరుగెత్తుకొచ్చి నిలబడి ఉన్నాడు. "తూములు లేపమని ఒర్రు."

"నీ మడికి ఇడుస్తనని చెప్పిన గదరా!"

"అన్ని."

"మూడోది లేపిస్త. నీ తూము..."

 కురుమయ్య వంగి, అంచు పట్టుకున్న బూట్లాయన ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు. బూట్లాయన గొంతులోకి నీళ్లు పోయి గరగర చప్పుడయింది. ఆ వేళ్లు మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. కురుమయ్య మూడో వేలు పట్టుకున్నాడు. అదీ విప్పాడు.

"లేపురా కిష్టిగా!" చిన్నదొర గొంతు చిరిగేలా అరిచాడు. "అన్ని లేపు! కొసకున్నయి గూడ తియ్యి!"

కిష్టయ్య ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అతను గుడిసె నుంచి గొలుసులూ కొక్కేలూ తెచ్చేలోపు కట్ట కింద కూచున్నవాళ్లంతా పైకి వచ్చారు. ఎవరూ కేక వేయలేదు. మొదటి తూము తలుపు లేచింది. తర్వాత రెండోది. నీళ్లు పిల్లకాలువల్లో పడే చప్పుడు దూరం నుంచి వినిపించింది. కురుమయ్య బూట్లాయన చెయ్యిని మళ్లీ అంచుకు తగిలించి, తెడ్డును అడ్డంగా ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. అవతలి ఒడ్డున ఇద్దరు ఆడవాళ్లు సోమమ్మను లేపి, కొంగు మొహానికి అదిమి, నడిపించుకుపోయారు.

పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నారు. నీళ్లు వేలెడు, జానెడు, ఆపైన మూరలకు మూరలు దిగాయి. కట్ట లోపలి వైపు తడి మన్ను పట్టీలా బయటపడుతూ వచ్చింది. లావుపాటాయన దేవుళ్ల పేర్లన్నీ పలికి అలసిపోయాడు. నల్లద్దాలాయన అద్దాలు తీసేశాడు. చిన్నదొర మాత్రం కురుమయ్య మొహాన్నే చూస్తూ కూచున్నాడు.

బూట్లాయన కాళ్లు అడుగుకు తగిలాయి. "అందుతుంది" అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

నీళ్లు అతని రొమ్ము దాకా దిగాక కురుమయ్య లేచాడు. "ఇగ దిగి నడువుండ్రి" అన్నాడు. తను ముందుగా దిగాడు.

*

కట్ట మీద చిన్నదొర మనుషులు ఎనిమిదిమంది ఎదురు చూస్తున్నారు. కురుమయ్య పారిపోలేదు. పరుగెత్తే సత్తువ లేక కాదు. పరుగెత్తితే గుడిసె కాలుస్తారు. కట్టెలతో మొదలుపెట్టి, తర్వాత అతని తెడ్డుతోనే కొట్టారు. మొదటి దెబ్బలకు భుజం మీది ఎముక విరిగింది. ముందటి పళ్లు రెండు ఊడి నోట్లోనే ఉండిపోయాయి, వాటిని బురదలోకి ఉమ్మాడు. చిన్నదొర తడి బట్టలతో వచ్చి కడుపులో తన్నాడు, తడి జోడు జారి తనే పడబోయాడు. అప్పుడు ఎవరో నవ్వారు. ఎవరో తెలియదు. ఆ నవ్వుకు ఇంకా కొట్టారు. పుట్టిని గొడ్డలితో నరికారు.

తూముల దగ్గరికి మాత్రం పోలేకపోయారు. ఒక్కో తూము ముందు నీళ్లలో పదిహేనుమంది, ఇరవైమంది నిలబడి ఉన్నారు. ఆడవాళ్ల చేతుల్లో కొడవళ్లు ఉన్నాయి. ఎనిమిదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకుని జీపెక్కారు.

దీపాలు పెట్టే వేళకు ఏసోబు కురుమయ్య గుడిసెకు వచ్చి, అతను పడుకున్న చాప పక్కన గొంతుకూచున్నాడు.

"సోమక్కకు ఎట్లున్నది?"

"కన్ను వోయింది. పానానికి బాగనే ఉన్నది. పొద్దుగాల బండి కట్టుకొని నల్లగొండకు వోతం, ఇద్దరం." చేతికున్న పేలిక ముడిని పళ్లతో బిగించాడు. "నువ్వు గూడ రా. బండిల జాగా ఉన్నది."

కురుమయ్య ఊడిన పళ్ల సందుల్లోంచి గాలి పోతుండగా, "దెబ్బ వడకముందే ఇడిచిన పార" అన్నాడు. "నా అంతట నేనే ఇడిచిన."

"ఎరుకనే" అన్నాడు ఏసోబు. "కిందికెల్లి సూస్తనే ఉంటి గద."

"ఎరుకయ్యి కుట్టు కుట్టినవా?"

"కుట్టక ఏం జెయ్యాలె? నిన్ను ముంచాలెనా?" విసురుగా లేచాడు. గుమ్మంలో ఆగాడు. "నిన్న ముంచుదమనే వచ్చిన తియ్యి, ముందుగాల. చేతకాలె."

*

సోమవారం పొద్దున ఏసోబు బండి కట్టక ముందే పోలీసు అమీను, ఇద్దరు జవాన్లు జీపులో వచ్చారు. పట్నం పెద్దమనుషుల్ని ముంచి చంపబోయాడని ఫిర్యాదు. సోమమ్మ కన్ను మాట ఎత్తితే, అది వేటలో పొరపాటు అన్నాడు అమీను. పుల్లమ్మ ఇంట్లో లేదు. కురుమయ్యను లేపి, విరిగిన వైపు చెయ్యిని తువ్వాలతో మెడకు కట్టి జీపెక్కించారు.

జీపు కట్ట మీదుగా పోతోంది. మళ్లల్లో నీళ్లు మెరుస్తున్నాయి. చుట్టుకున్న ఆకులు విచ్చుకుంటున్నాయి. ఇక దక్కని మళ్లు కూడా ఉన్నాయి, గింజ పట్టని తెల్లకంకులు పైకే నిలబడి ఉన్నాయి. మూడో తూము దగ్గర దారి అడ్డంగా కోసుకుపోయి, జీపు ఆగింది. జవాన్లు రాళ్లు తేవడానికి దిగారు.

కట్ట కిందే కురుమయ్య మడి. అందులో నీటి చుక్క లేదు. నెర్రెలు కాలు దిగబడేంత వెడల్పయ్యాయి. మడిలోకి నీళ్లు మళ్లే మడవకు అడ్డంగా బురద కట్ట వేసి ఉంది. దాని మీద పుల్లమ్మ వంగని కాళ్లు ఎండిన మడిలోకి బారజాపి కూచుని, పిల్లకాలువలోంచి పొంగుతున్న నీళ్లను వీపుతో ఆపుతోంది. నీళ్లు ఆమెను దాటి నిండుగా దిగువకు పోతున్నాయి. రవికె దాకా బురద. రాత్రంతా అక్కడే ఉన్న మనిషిలా ఉంది.

"మన మడవ గట్టినవేందే?" అన్నాడు కురుమయ్య జీపులోంచి.

ఆమె తలెత్తింది. అతని మొహాన్ని, మెడకు కట్టిన చెయ్యిని, పక్కన అమీనును చూసింది. లేవబోయి లేవలేక అట్లాగే కూచుంది.

"ఏసోబోళ్ల కొస మడి ఇంక నిండలే."

"మల్ల బంద్ వెడ్తరు. ఈ పొద్దో రేపో వెడ్తరు."

"వెడ్తె వెట్టనీ."

"మనదో?"

"ఆఖరుకు."

ఆమె వీపు పక్క నుంచి సన్నటి ధార ఒకటి తెగి, సొంత మడిలోకి పాకింది. మొదటి నెర్రె దాన్ని తాగేసింది. పుల్లమ్మ గుప్పెడు బురద తీసి ఆ సందులో అదిమింది. బురద కరిగి జారిపోయింది. ఇంకో గుప్పెడు పెట్టింది. అదీ జారింది. జవాన్లు గుంత పూడ్చి జీపెక్కారు. డ్రైవరు గేరు వేశాడు.

కురుమయ్య బాగున్న చేత్తో జీపు కడ్డీ పట్టుకుని ముందుకు వంగాడు.

"ఒట్టి మన్ను నిలువదే" అని అరిచాడు. "గడ్డి గలిపి తొక్కు!"